రిపోర్టులు నార్మల్, దురద మాత్రం తగ్గదు: పీబీసీ లక్షణాలను డాక్టరు లెక్కలోకి తీసుకునేలా చెప్పడం ఎలా

"బిలిరుబిన్ నార్మల్. స్కాన్ నార్మల్. ఏఎల్‌పీ కూడా దిగుతోంది. ఇంకేం బాధ మీకు?"

పీబీసీ ఉన్నవాళ్లు చెకప్‌కి వెళ్లినప్పుడల్లా వినే మాట ఇది. అందులో అబద్ధమేమీ లేదు, లివర్ నిజంగానే నిలకడగా ఉండి ఉంటుంది. కాకపోతే రాత్రి రెండింటికి లేచి అరికాళ్లు నేలకేసి రుద్దుకునే మనిషికి ఆ జవాబు ఎందుకూ కొరగాదు.

పీబీసీ అంటే ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్. రోగనిరోధక శక్తి దారి తప్పి, లివర్ లోపలి సన్నటి పిత్తనాళాలనే శత్రువులనుకుని దెబ్బతీసే జబ్బు. ఎక్కువగా ఆడవాళ్లకు, అదీ నలభై దాటాక బయటపడుతుంది. 2015 దాకా దీన్ని ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ (సిర్రోసిస్ అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడటం) అనేవారు. చాలామందికి సిర్రోసిస్ ఉండనే ఉండదు కాబట్టి చివరి మాట మార్చి, పొట్టి పేరు మాత్రం అలాగే ఉంచారు. పాత ఫైల్లో సిర్రోసిస్ అన్న మాట కనపడగానే "మందు అలవాటుందా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే ఉన్నమాట ఒక్క ముక్కలో చెప్పి, ఇది ఆటోఇమ్యూన్ జబ్బని గుర్తుచేసి ముందుకు సాగండి. అక్కడ మనసు కష్టపెట్టుకుని వాదనకు దిగితే ఉన్న పది నిమిషాలూ దానికే పోతాయి.

అసలు చిక్కు ఎక్కడుంది

ఈ జబ్బులో మనిషిని ఎక్కువగా పీడించేవి రెండు: దురద, అలసట. ఈ రెండూ లివర్ అంకెలతో కలిసి నడవవు. ఏఎల్‌పీ (పిత్తనాళాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) దాదాపు నార్మల్‌గా ఉన్నవాళ్లకు ఒళ్లు చీరేసుకునేంత దురద ఉండొచ్చు. ముదిరిన జబ్బులో అసలు దురదే లేకపోవచ్చు. అలసటా అంతే, జబ్బు ఏ దశలో ఉందన్నదానితో దానికి సంబంధం లేదు. ప్రధాన మందైన ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం (అందరూ ఉర్సో అంటారు) జబ్బు వేగాన్ని తగ్గిస్తుంది. అలసటను తగ్గించదు, దురద మీద కూడా దాని ప్రభావం నామమాత్రమే. లివర్ మార్పిడి జరిగినా అలసట పూర్తిగా పోతుందన్న భరోసా లేదు.

డాక్టరు చూసేదేమో అంకెలు. చెకప్‌లో ఆయన తనకు తాను వేసుకునే ప్రశ్న "జబ్బు ముదురుతోందా, లేదా". మీరు అడుగుతున్నది "నేను బతుకుతున్న తీరు మారుతుందా". రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు రాగానే రెండోదానికీ వచ్చేసినట్టు లెక్కేయడం వల్లే పేచీ. దానికి తోడు వయసు. నలభై అయిదేళ్ల ఆవిడ నీరసం, నిద్ర పట్టకపోవడం, ఒళ్లు పొడిబారడం అని చెబితే "నెలసరి ఆగే వయసు కదమ్మా" అనేయడం చాలా సులువు.

అందుకని చేయాల్సిన పని ఒకటుంది. లక్షణాన్ని కూడా రిపోర్టులా మార్చి తీసుకెళ్లాలి: అంకె, తేదీ, ఏ పని ఆగిపోయింది, ఏం వాడితే ఏమైంది.

దురదను కొలవడం

"ఒళ్లంతా దురదగా ఉంటోందండీ" అంటే చేతికొచ్చేది చర్మానికి రాసుకునే క్రీము, లేదా అలర్జీ మాత్ర. చెప్పిన తీరు అటువైపే నడిపిస్తుంది మరి. లివర్ దురదకు దాని గుర్తులు దానికున్నాయి, వాటినే ముందు చెప్పండి. మొదట దద్దుర్లు రావు, గోకిన తర్వాతే చర్మం మీద గుర్తులు పడతాయి. అరచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువగా ఉంటుంది. సాయంత్రం మొదలై రాత్రికి పెరుగుతుంది. వేడి తగిలితే, దుప్పటి కప్పుకుంటే, ఉన్ని బట్ట ఒంటికి రాసుకుంటే రెచ్చిపోతుంది. చల్లటి నీళ్లు పోసుకుంటే కాసేపు ఊరట.

ఇంకో గుర్తును చాలామంది గమనించరు. వీపు ఫోటో తీయించుకోండి. చెయ్యి అందిన మేరా గోళ్ల గీతలు, నల్ల మచ్చలు ఉంటాయి. చెయ్యి అందని వీపు నడిమి భాగం, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు, శుభ్రంగా ఉంటుంది. అంటే చర్మానికి జబ్బు లేదు, లోపలి దురదకు గోకడం వల్లే మచ్చలు పడ్డాయని ఆ ఒక్క ఫోటో చెబుతుంది. ఏళ్ల తరబడి రుద్దుకునేవాళ్ల గోళ్లు పాలిష్ పట్టినట్టు మెరుస్తుంటాయి, అవీ చూపించండి. ఫోటోలు రాత్రిపూట, దురద ఎక్కువగా ఉన్నప్పుడు తీసినవైతే మంచిది. పొద్దున పదింటికి డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు చర్మం చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది.

రెండు వారాలు లెక్క రాస్తే చాలు. నెలల తరబడి రాస్తే ఎవరూ చదవరు, మీకూ విసుగు పుడుతుంది. రోజూ పడుకునే ముందు కాకుండా పొద్దున లేవగానే, గడిచిన 24 గంటల్లో దురద బాగా ఎక్కువైనప్పుడు ఎంతుందో సున్నా నుంచి పదిలో ఒక అంకె వేయండి. సున్నా అంటే లేదు, పది అంటే అంతకుమించి ఊహించలేరు. పక్కనే రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఏం మందు వేసుకున్నారో రాయండి. ఒక రోజు వరస ఇలా ఉంటుంది:

"12వ తేదీ. దురద 8. నిద్రలో 3 సార్లు లేచాను, 2:10కి లేచి గంటసేపు పడుకోలేదు. కుడి పిక్క మీద రక్తం వచ్చింది. రాత్రి సిట్రిజిన్ 10 వేసుకున్నాను, తేడా లేదు."

చివర్లో పద్నాలుగు అంకెల సగటు తీసి, పైన పెద్దగా రాయండి. "సగటు 7, వారంలో 5 రాత్రులు నిద్ర చెడింది" అన్న ఒక్క వాక్యం ముందు "చాలా దురదండీ" అన్నది ఆనదు. సగటు నాలుగు దాటితే ఓ మోస్తరు, ఏడు దాటితే తీవ్రమని డాక్టర్లు మామూలుగా లెక్కేస్తారు. అంకె పెంచి రాయొద్దు. రోజూ పది రాసినవాళ్ల కాగితాన్ని ఎవరూ నమ్మరు, మందు పనిచేస్తోందో లేదో అంచనా వేయడానికీ అది పనికిరాదు.

అలసట: ఇంకాస్త కష్టమైన కేసు

దురదకు గోటి గీతలైనా సాక్ష్యం చెబుతాయి, అలసటకు అదీ లేదు. పైగా "అందరికీ ఉండేదే" అన్న మాట వెంటనే వచ్చిపడుతుంది. కాబట్టి ఎంత అలసటో చెప్పకండి, అలసట వల్ల ఏం ఆగిపోయిందో చెప్పండి. "స్నానం చేశాక అరగంట పడుకుంటే తప్ప జడ వేసుకోలేకపోతున్నాను." "మధ్యాహ్నం రెండు దాటాక లెక్కలు చూస్తే తప్పులు పోతున్నాయి, అందుకని ఆ పని పొద్దున్నే చేస్తున్నాను." "మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది." ఇలాంటివి మూడు చాలు. ఆర్నెల్ల కిందట చేయగలిగి ఇప్పుడు చేయలేని పని ఒకటుంటే దాన్నే మొదట చెప్పండి.

పీబీసీ-40 అని ఒక ప్రశ్నావళి ఉంది. ఈ జబ్బు ఉన్నవాళ్ల కోసమే తయారుచేసిన 40 ప్రశ్నలు: ఇతర లక్షణాలు, దురద, అలసట, జ్ఞాపకం, నలుగురిలో మెలగడం, మనసు. అందులో అలసటకే 11 ప్రశ్నలున్నాయి. లివర్ స్పెషలిస్టు అయితే దాని పేరు తెలిసే ఉంటుంది. "పీబీసీ-40 నింపిస్తారా, వచ్చే చెకప్‌లో పోల్చుకోవచ్చు" అని అడిగితే మీ మాట ఫిర్యాదు స్థాయి నుంచి కొలత స్థాయికి వస్తుంది.

ఇక్కడ రోగుల వైపు నుంచి జరిగే తప్పు కూడా చెప్పాలి. ప్రతి నీరసాన్నీ పీబీసీ ఖాతాలో వేసేయడం. అలసటకు పీబీసీ మందు లేదు, పక్క కారణాలకు ఉంది. అందుకే వాటిని వెతికించుకోవడం మీకే లాభం. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, విటమిన్ డీ, షుగర్ చూడమనండి. పీబీసీ ఉన్నవాళ్లలో ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు మామూలు జనంలో కంటే ఎక్కువ, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పేగుకు పడకపోవడం) కూడా తోడుండొచ్చు. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే అలవాటుంటే చెప్పండి. డిప్రెషన్ గురించి అడిగితే కోపం తెచ్చుకోకండి. అది ఉందో లేదో తేల్చుకుని ముందుకెళ్తే "అంతా మనసు వల్లే" అన్న మాటకు తర్వాత చోటుండదు.

మందులను కూడా అనుమానించాలి. దురదకని రాత్రిపూట ఇచ్చే మత్తు తెచ్చే అలర్జీ మాత్రలు మర్నాటి మధ్యాహ్నం దాకా మబ్బుగా ఉంచుతాయి. దురద తగ్గదు, అలసట పెరుగుతుంది, ఆ అలసటను జబ్బు మీదకు తోసేస్తారు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లతోనూ నీరసం వస్తుంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలకు మరోసారి బీపీ చూపించుకోండి. పై అంకె 20 కానీ అంతకంటే ఎక్కువ కానీ పడిపోతే అది రాసుకుని, బీపీ మందుల మోతాదు గురించి అడగండి. ఈ పరీక్షకు రెండు కొలతలు చాలు, అయినా సాధారణంగా ఎవరూ చేయరు.

రిపోర్టులో మీరే చూసుకోవాల్సినవి

ఇంకా జబ్బు పేరు తేలనివాళ్ల సంగతి ముందు. కారణం తెలియని దురదకో నీరసానికో లివర్ పరీక్ష చేయించుకుంటే ఏఎల్‌పీ ఒక్కటే ఎక్కువ వచ్చి, "కొంచెం పెరిగింది, ఏం పర్లేదు" అనిపించుకుని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. ఏఎల్‌పీ ఎముకల నుంచి కూడా వస్తుంది. జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము కూడా పెరిగి ఉంటే అది లివర్ నుంచి వచ్చినట్టు. అలా నెలల తరబడి పెరిగే ఉంటే, అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళాలకు అడ్డం ఏదీ లేదని తేలితే, తర్వాత అడగాల్సింది ఏఎంఏ (యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ) రక్త పరీక్ష. పీబీసీ ఉన్న పదిమందిలో తొమ్మిది మందికి పైగా ఇది పాజిటివ్ వస్తుంది. నెగటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోవద్దు. అప్పుడు జీపీ210, ఎస్‌పీ100 అనే యాంటీబాడీలు చూస్తారు, అవీ రాకపోతే బయాప్సీ. అల్ట్రాసౌండ్ నార్మల్ రావడం ఇక్కడ దేనికీ రుజువు కాదు. దెబ్బతినేవి స్కాన్‌లో కనపడనంత సన్నటి నాళాలు.

జబ్బు తేలినవాళ్లు రెండు లెక్కలు సొంతంగా వేసుకోవాలి.

మొదటిది ఉర్సో మోతాదు. ఒంటి బరువు కిలోకి రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 780 నుంచి 900. 80 కిలోలకు 1040 నుంచి 1200. చీటీలో "300, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని ఉంటే రోజుకు 600, అంటే 60 కిలోల మనిషికి కిలోకి పదే. మందు తక్కువైనప్పుడు అంకెలు దిగకపోతే "మందు పనిచేయలేదు" అనుకోవడం సరికాదు, సరిపడా ఇవ్వలేదంతే. బరువు అయిదారు కిలోలు మారినప్పుడు మళ్లీ లెక్కేయించుకోండి. ఇది జీవితాంతం వాడే మందు. వేసుకున్నా దురద తగ్గట్లేదని మానేసేవాళ్లున్నారు. అది దురద మందు కాదు, లివర్‌ను కాపాడే మందు. మానొద్దు.

రెండోది ఏఎల్‌పీ ఎన్ని రెట్లు ఉందన్నది. ల్యాబుల గరిష్ఠ హద్దులు వేరువేరుగా ఉంటాయి. ఒకచోట 120, ఇంకోచోట 147. మీ అంకె 210 అనుకోండి. మొదటి ల్యాబులో అది 1.75 రెట్లు, రెండోదాంట్లో 1.43 రెట్లు. ఏడాదిపాటు సరైన మోతాదులో ఉర్సో వాడాక కూడా ఒకటిన్నర రెట్లు దాటే ఉంటే, లేదా బిలిరుబిన్ పెరిగి ఉంటే, రెండో మందు కలపాలా అన్న చర్చ రావాలి. "210 కదా, నిలకడగా ఉంది" అన్న మాటలో ఈ సంగతి కలిసిపోతుంది. అందుకే వీలైనంత వరకు ఒకే ల్యాబుకు వెళ్లండి. పాత రిపోర్టుల నుంచి తేదీ, ఏఎల్‌పీ, హద్దు, ఎన్ని రెట్లు అని నాలుగు గళ్లు గీసి పెట్టుకోండి.

రెండో వరస మందుల్లో ఫైబ్రేట్లు (మామూలుగా రక్తంలో కొవ్వు తగ్గించడానికి వాడేవి), ఎలాఫిబ్రనార్, సెలాడెల్పార్ ఉన్నాయి. చివరి రెండూ అమెరికాలో 2024లో అనుమతి పొందాయి. దురద ఉన్నవాళ్లకు ఇక్కడ తెలుసుకోవాల్సిన తేడా ఒకటుంది. సెలాడెల్పార్‌తో, ఫైబ్రేట్లలో ఒకటైన బెజాఫైబ్రేట్‌తో క్లినికల్ ట్రయల్స్‌లో దురద కూడా తగ్గింది. అంతకుముందు వచ్చిన ఒబెటికోలిక్ ఆమ్లం మాత్రం దురదను పెంచేది. అందుకని రెండో మందు మాట వచ్చినప్పుడు మీ దురద అంకె కాగితం మీద ఉండాలి, ఎంపిక దాన్నిబట్టి మారొచ్చు.

గదిలో కూర్చున్నాక

ఒకే ఒక్క కాగితం, ఒక పక్కనే రాసింది తీసుకెళ్లండి. పైన ఒక వాక్యంలో ఈసారి ఎందుకొచ్చారో, కింద దురద సగటు, అలసట వల్ల ఆగిన మూడు పనులు, ఇప్పటిదాకా వాడిన మందులు మోతాదుతో, రోజులతో. అన్నిటికంటే కింద రెండు ప్రశ్నలు. అయిదు ప్రశ్నలు పెట్టుకుంటే మూడోదానికల్లా టైమైపోతుంది.

మొదటి నిమిషంలోనే చెప్పండి. రిపోర్టు తిరగేయడం పూర్తయ్యాక, లేవబోతూ "అన్నట్టు దురద కూడా..." అంటే అది చిన్న విషయమని మీరే చెప్పినట్టవుతుంది. మొదలుపెట్టే వాక్యం ఇలా ఉండొచ్చు: "డాక్టరు గారూ, రిపోర్టులు చూసేముందు ఒక్క మాట. ఈసారి నేను వచ్చింది దురద కోసం. రెండు వారాల సగటు ఏడు. సిట్రిజిన్ నెల వాడాను, తగ్గలేదు. లివర్ దురదకు ఇచ్చే మందులు మొదలుపెట్టగలరా?"

"అంకెలు బాగున్నాయి" అన్న జవాబొస్తే వాటిని కొట్టిపారేయకండి. "సంతోషమండీ. పీబీసీలో దురద అంకెలను బట్టి ఉండదని విన్నాను. మరి దీనికి విడిగా ఏం చేద్దాం?" అనండి. "దీంతో సర్దుకుపోవాలమ్మా" అంటే, "సరేనండీ. సర్దుకోవాల్సిందేనని తేల్చేముందు ఏయే మందులు ప్రయత్నించి చూడాలి?" అనండి. "వయసు వల్ల" అంటే, "కావచ్చు. అది తేలడానికి ఏ పరీక్ష చేద్దాం?" మూడింటిలోనూ కిటుకు ఒకటే, ఎదుటివాళ్ల మాటను ఒప్పుకుంటూనే తర్వాతి అడుగు అడగడం.

చివరగా, "దురద తీవ్రత ఇంత అని ఫైల్లో రాస్తారా" అని అడగండి. ఇదే అన్నింటికంటే ఎక్కువ పనిచేస్తుందని మా నమ్మకం. ఫైల్లో లేని లక్షణం తర్వాతి డాక్టరుకు లేనట్టే. తోడుగా ఒకరిని తీసుకెళ్తే, మీరు రాత్రి ఎలా ఉంటున్నారో వాళ్లచేత ఒక వాక్యం చెప్పించండి. అంతకుమించి వాళ్లు మాట్లాడితే సంభాషణ మీ చేతిలోంచి జారుతుంది.

దురద మందులు: ఒక్కో మెట్టు

అలర్జీ మాత్రలు ఈ దురదకు పెద్దగా పనిచేయవు, నిద్రకు మాత్రం కాస్త పనికొస్తాయి. లివర్ దురదకు వేరే మెట్లున్నాయి, ఒకటి పనిచేయకపోతే తర్వాతిది. చాలామంది మొదటి మెట్టు దగ్గరే, అదీ తప్పుగా వాడి, ఆగిపోతారు.

మొదటిది కొలెస్టిరమిన్ పొడి. పేగులో పిత్తామ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది. 4 గ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి రోజుకు 16 గ్రాముల దాకా పెంచుతారు. తప్పు జరిగేది వేళ దగ్గర. ఈ పొడి పిత్తాన్నే కాదు, పక్కనున్న మందులన్నిటినీ పట్టేసుకుంటుంది. ఉర్సోతో కలిపి మింగితే రెండూ వృథా. ఉర్సోకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం పెట్టండి. మిగతా మందులు, ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర, దీనికి గంట ముందు కానీ నాలుగు గంటల తర్వాత కానీ వేసుకోవాలి. పొద్దున టిఫినుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి వేసుకోవడం మేలు. రాత్రంతా పిత్తాశయంలో నిల్వ ఉన్న పిత్తం తిన్నప్పుడే పేగులోకి దిగుతుంది, అప్పుడే పొడి అక్కడ ఉండాలి. పిత్తాశయం తీసేసినవాళ్లకు ఈ లెక్క వర్తించదు. నోట్లో ఇసుకలా ఉంటుంది. నీళ్లలోనో పళ్లరసంలోనో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగితే కాస్త దిగుతుంది. పొడిగా మింగకూడదు. మలబద్ధకం, కడుపుబ్బరం మామూలే. రెండు వారాలు సరిగా వాడాక గానీ పనిచేయలేదని తేల్చొద్దు.

రెండోది రిఫాంపిసిన్. 150 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి పెంచుతారు. బాగా పనిచేస్తుంది, కాకపోతే కొందరికి లివర్‌నే దెబ్బతీస్తుంది. అందుకని మొదలుపెట్టిన ఆరు వారాలకు, పన్నెండు వారాలకు లివర్ పరీక్ష తప్పనిసరి. బిలిరుబిన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు జాగ్రత్త. గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్ లాంటి చాలా మందుల బలం తగ్గిస్తుంది. వాడే ప్రతి మందూ డాక్టరుకు చెప్పాలి.

తర్వాత నాల్‌ట్రెక్సోన్. మెల్లగా, 12.5తో మొదలుపెట్టి 50 దాకా తీసుకెళ్తారు. ఒకేసారి 50 వేసుకుంటే వణుకు, వాంతులు, కడుపునొప్పి వచ్చి మందు మానేయాల్సి వస్తుంది. నల్లమందు జాతి నొప్పి మందులు వాడుతున్నవాళ్లకు ఇది పనికిరాదు. సెర్ట్రలిన్ కూడా ఈ దురదకు వాడతారు, రోజుకు 100 దాకా. చీటీలో అది చూసి "నాకు డిప్రెషనని రాశారు" అని నొచ్చుకునేవాళ్లుంటారు, ఇక్కడ ఇచ్చింది దురదకే.

ఇవేవీ లొంగదీయలేని దురద ఉంటే, లివర్ పనితీరు బాగానే ఉన్నా మార్పిడికి పరిగణించే అవకాశం ఉంది. ఇది చాలామందికి తెలియదు. దురదను "ప్రాణం తీసేది కాదు కదా" అని పక్కన పెట్టేవాళ్లకు గుర్తుచేయాల్సింది ఇదే, వైద్యశాస్త్రం దాన్ని అంత పెద్ద విషయంగా చూస్తుందని.

కళ్లు, నోరు ఎండిపోవడం, కుడి పక్కటెముకల కింద సన్నటి నొప్పి, ఎముకల బలహీనత కూడా చెప్పాల్సినవే. కంటి చుక్కలు, నోటికి లాలాజలంలా పనిచేసే జెల్లు దొరుకుతాయి. ఈ జబ్బులో పిత్తాశయ రాళ్లు ఎక్కువ కాబట్టి నొప్పికి ఒకసారి స్కాన్ చేయించాలి. ఎముకల గట్టిదనం చూడటానికి డెక్సా స్కాన్.

ఎంత చెప్పినా వినకపోతే

రెండు చెకప్‌లు చూడండి. కాగితం చూపించినా, విడిగా అడిగినా ఏ మందూ మొదలుకాకపోతే, ఏ పరీక్షా రాయకపోతే, "లివర్ స్పెషలిస్టుకు రెఫర్ చేస్తారా" అని అడగండి. జీర్ణకోశ వైద్యులందరూ పీబీసీని ఎక్కువగా చూసి ఉండరు. అరుదుగా వచ్చే జబ్బు ఇది. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఏఎంఏ రిపోర్టు, ఏఎల్‌పీ పట్టిక, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) ఉంటే అది, బయాప్సీ జరిగి ఉంటే దాని రిపోర్టు, మందుల చరిత్ర పట్టుకెళ్లండి. మొదటి డాక్టరు మీద ఫిర్యాదుతో మొదలుపెట్టొద్దు. కొత్త డాక్టరుకు కావాల్సింది మీ దురద వివరాలు, పాత డాక్టరు మీద మీ కోపం కాదు.

చెకప్ దాకా ఆగకూడనివి

పైన చెప్పిందంతా నెలల లెక్కలో నడిచే వ్యవహారం. కొన్ని గంటల లెక్కలోవి. రక్తం వాంతి, తారులా నల్లటి విరేచనం, కళ్లు కొత్తగా పచ్చబడటం, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు లేదా లేపినా లేవని మగత, పొట్ట ఉబ్బి ఉండగా జ్వరం. వీటికి అపాయింట్‌మెంటు కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

సిర్రోసిస్ దాకా వెళ్లినవాళ్లు ఇంట్లో ఇంకో రెండు కనిపెట్టుకుని ఉండాలి. బరువు రోజుకు కిలో చొప్పున పెరుగుతూ పోతుంటే అది కొవ్వు కాదు, నీరు. పగలు నిద్ర, రాత్రి మెలకువ తారుమారైతే, చేతిరాత వంకరపోతే, అది "పీబీసీ అలసటే" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. మలినాలు మెదడుకు ఎక్కుతున్న తొలి గుర్తు కావచ్చు, దానికి మందుంది. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడమనే చిన్న పరీక్షను లివర్ డాక్టర్లు వాడతారు. పది కూడా రాకపోతే ఆ సంగతి ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి.

ఎమర్జెన్సీకి వెళ్లినా ఆ కాగితం వెంట ఉండాలి. రిఫాంపిసిన్ వాడుతుంటే దాన్ని పైనే, పెద్ద అక్షరాలతో రాయండి. అది మూత్రాన్ని, కన్నీళ్లను నారింజ ఎరుపుకు తిప్పుతుంది. మిమ్మల్ని మొదటిసారి చూసే డ్యూటీ డాక్టరు దాన్ని రక్తమనో కామెర్లనో పొరబడే వీలుంది.